ఎలక్ట్రాన్ పుంజం కక్ష్యను నిలబెట్టే వ్యవస్థలు

స్టోరేజి రింగ్‌లో ఎలక్ట్రాన్ పుంజం గాలి తీసేసిన లోహపు గొట్టంలో గంటల తరబడి తిరుగుతుంది. డైపోల్ అయస్కాంతాలు దాన్ని వంచి వలయంగా నడిపిస్తాయి. క్వాడ్రుపోల్ అయస్కాంతాలు అది చెదిరిపోకుండా కుదించి పట్టుకుంటాయి. ఈ అయస్కాంతాలన్నీ కలిసి ఒక దారిని నిర్ణయిస్తాయి. ఒక చుట్టు పూర్తిచేసిన కణం బయలుదేరిన బిందువుకే, బయలుదేరిన దిశలోనే తిరిగి చేరే దారి అది. దాన్నే సంవృత కక్ష్య అంటారు. ఒక్కో కణం ఈ దారికి అటూ ఇటూ ఊగుతూ పోతుంది. ఆ ఊగులాటకు బీటాట్రాన్ డోలనం అని పేరు. అసంఖ్యాకమైన కణాల సగటు స్థానం మాత్రం కక్ష్య మీదే ఉంటుంది. ఈ సగటు దారిని అనుకున్న చోట నిలిపి ఉంచడమే కక్ష్యా స్థిరీకరణ. ఎలక్ట్రాన్ గుంపులు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని ఊగిపోయే అస్థిరతలు వేరు. వాటిని గుంపుకు గుంపు విడివిడిగా చూసి అణచే వ్యవస్థలూ వేరు.

కక్ష్య కొద్దిగా కదిలితే వచ్చే నష్టం పుంజానికి కాదు, పుంజం ఇచ్చే వెలుగును వాడుకునేవారికి. వంపుల్లోనూ, పుంజాన్ని అటూ ఇటూ ఊపే అన్‌డ్యులేటర్ అయస్కాంతాల్లోనూ ఎలక్ట్రాన్లు వెదజల్లే సింక్రోట్రాన్ కాంతి పదుల మీటర్ల దూరంలో ఉన్న ప్రయోగశాలకు వెళ్తుంది. అక్కడ ప్రొటీన్ స్ఫటికమో, బ్యాటరీ పదార్థమో, పురాతన లోహపు ముక్కో ఆ వెలుగులో ఉంటుంది. పుంజం దిశ ఒక మైక్రోరేడియన్ మారితే 50 మీటర్ల దూరంలో ఎక్స్ కిరణాల మచ్చ 50 మైక్రాన్లు జరుగుతుంది. పరీక్షించే స్ఫటికం వెడల్పే 10, 20 మైక్రాన్లయితే ఆ జరుగుడుతో వెలుగు దాన్ని పూర్తిగా తప్పిపోతుంది. అందుకే ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న కొలమానం ఒకటుంది: కక్ష్య కదలిక పుంజం పరిమాణంలో పదో వంతు దాటకూడదు, దిశలో కదలిక పుంజం సహజంగా విచ్చుకునే కోణంలో పదో వంతు దాటకూడదు. మూడో తరం వలయాల్లో పుంజం నిలువు పరిమాణం 5 నుంచి 10 మైక్రాన్లు. అంటే పైకీ కిందికీ అర మైక్రాన్‌కు మించి కదలనివ్వకూడదు. వందల మీటర్ల చుట్టుకొలత ఉన్న యంత్రంలో, వందల అయస్కాంతాల నడుమ, రోజుల తరబడి ఈ హద్దును కాపాడాలి.

ఒక్క అయస్కాంతం తప్పు వలయమంతా పాకుతుంది

క్వాడ్రుపోల్ మధ్యలోంచి పోయే కణానికి ఏ తోపూ తగలదు. మధ్య నుంచి పక్కకు జరిగే కొద్దీ తోపు పెరుగుతుంది. అయస్కాంతమే ఒక మైక్రాన్ జరిగితే, పుంజం ఒక మైక్రాన్ పక్కగా పోయినట్టే లెక్క. చుట్టు చుట్టుకూ ఒక చిన్న తోపు తగులుతూనే ఉంటుంది. ఆ తోపు ఒక్కచోటే తగిలినా కక్ష్య అక్కడ మాత్రమే వంగి ఊరుకోదు. తోపు తగిలిన చోట చిన్న కొక్కెంలా మడతపడి, వలయమంతటా అలలాగా మారిపోతుంది. ఆ అల ఎంత పెద్దదన్నది మూడు విషయాలను బట్టి ఉంటుంది: తోపు తగిలిన చోట పుంజాన్ని ఎంత వదులుగా పట్టి ఉంచారు, చూస్తున్న చోట ఎంత వదులుగా ఉంది, ఒక చుట్టులో బీటాట్రాన్ డోలనాలు ఎన్ని పడతాయి. ఈ చివరి సంఖ్యను ట్యూన్ అంటారు. అది పూర్ణాంకానికి దగ్గరైతే ప్రతి చుట్టులోనూ తోపు ఒకే దశలో తగిలి అల అపరిమితంగా పెరుగుతుంది. అందుకే పూర్ణాంకాలకు దూరంగా ట్యూన్‌ను ఎంచుకోవడం యంత్రం గీతల దశలోనే జరిగే పని.

అన్ని క్వాడ్రుపోళ్లూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఒక్కో మైక్రాన్ వణికితే కక్ష్య ఒక్క మైక్రాన్‌తో సరిపెట్టుకోదు, కొన్ని పదుల మైక్రాన్లు కదలగలదు. పుంజాన్ని ఎంత గట్టిగా కుదించి పట్టుకుంటే ఈ పెంపు అంత ఎక్కువ. పుంజాన్ని సన్నగా చెయ్యాలంటే గట్టిగా పట్టుకోక తప్పదు. సన్నని పుంజమే కదలికను తక్కువ సహిస్తుంది, అదే ఎక్కువ కదులుతుంది. ఈ రంగం మొత్తాన్ని నడిపిన చిక్కు ఇదే.

కక్ష్యను కదిలించేవి

కదిలించేవాటిని కాలాన్ని బట్టి విడదీసి చూడటం ఇంజనీర్ల అలవాటు. ఏళ్ల మీద నేల కుంగుతుంది. ఋతువుల మీద కాంక్రీటు వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది. రోజుల మీద సొరంగంలోని గాలి, చల్లబరిచే నీరు వేడెక్కుతాయి. సెకన్ల మీద ప్రయోగశాలల్లోని వారు తమ అన్‌డ్యులేటర్ దవడలను దగ్గరికీ దూరానికీ జరుపుతారు. ప్రతిసారీ కక్ష్యకు ఒక చిన్న తోపు తగులుతుంది. సెకనుకు కొన్ని పదుల సార్లు పంపులు, ఫ్యాన్లు, బయటి రోడ్డు మీది లారీలు నేలను వణికిస్తాయి. ఆ వణుకు అయస్కాంతాలను మోసే గర్డర్ల సహజ పౌనఃపున్యంతో కలిసిందంటే పెద్దదవుతుంది. ఆ పైన విద్యుత్ సరఫరా తాలూకు 50 హెర్ట్జ్, అమెరికాలో 60 హెర్ట్జ్, వాటి గుణిజాలు ఉండనే ఉన్నాయి.

నేల కదలిక అంతా ఒకే రకంగా హాని చెయ్యదు. సముద్రపు అలల వల్ల పుట్టే సూక్ష్మకంపనాలు అయిదారు సెకన్లకొకసారి నేలను మైక్రాన్ మేర లేపి దించుతాయి. కానీ వాటి తరంగదైర్ఘ్యం కిలోమీటర్లలో ఉంటుంది కనుక వలయమంతా ఒక్కసారే లేచి ఒక్కసారే దిగుతుంది. అయస్కాంతాల మధ్య తేడా రాదు. సెకనుకు 10 సార్లు వణికే నేల సంగతి వేరు. మెత్తని నేలలో అలాంటి కంపనం తరంగదైర్ఘ్యం 30 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇంగ్లండులోని డైమండ్ వలయం చుట్టుకొలత 561.6 మీటర్లు, అడ్డ దిశలో ట్యూన్ సుమారు 27. అంటే బీటాట్రాన్ తరంగదైర్ఘ్యం 20 మీటర్లు. ఈ రెండు పొడవులు దగ్గరపడినప్పుడు నేల వణుకు నేరుగా కక్ష్యలోకి ఎక్కుతుంది.

ఈ విషయంలో అందరికీ కళ్లు తెరిపించింది సెర్న్‌లోని లెప్ యంత్రం. జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగంలో ఎలక్ట్రాన్లనూ పాజిట్రాన్లనూ ఢీకొట్టించే ఆ వలయంలో 1990ల తొలినాళ్లలో పుంజం శక్తి రోజులో రెండుసార్లు పెరిగి తగ్గుతున్నట్టు కనిపించింది. కారణం చంద్రుడు, సూర్యుడు. సముద్రంలో పోటు తెచ్చే ఆకర్షణే భూమి పై పొరనూ లేపుతుంది. వలయం చుట్టుకొలత సుమారు ఒక మిల్లీమీటరు మారుతుంది. పుంజం తిరిగే పొడవును రేడియో పౌనఃపున్యం బిగించి ఉంచుతుంది. గొట్టం సాగినా పుంజం సాగదు, అయస్కాంతాల మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. అలా జరిగినప్పుడు క్వాడ్రుపోళ్లు అదనంగా వంచి పుంజం శక్తినే మారుస్తాయి. 27 కిలోమీటర్లలో ఒక మిల్లీమీటరు అంటే పది కోట్లకు నాలుగు వంతుల కన్నా తక్కువ. శక్తిలో మార్పు మాత్రం దానికి వేల రెట్లు పెద్దది, దాదాపు 10 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. జడ్ బోసాన్ ద్రవ్యరాశిని 2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఖచ్చితత్వంతో చెప్పదలచినవారికి ఇది చిన్న సంగతి కాదు. జెనీవా సరస్సు నీటిమట్టం, వానలకు నేల తడిసి ఉబ్బడం కూడా ఈ లెక్కలోకి వచ్చాయి. 1995లో మరో అంతుచిక్కని వణుకు బయటపడింది. పగలంతా ఉండి, అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలు మాయమయ్యేది. చివరికి తేలింది, జెనీవా నుంచి పారిస్ వైపు వెళ్లే రైళ్ల పట్టాల నుంచి నేలలోకి జారిన కరెంటు లెప్ గొట్టం వెంట పారి డైపోళ్ల క్షేత్రాన్ని తాకుతోందని. యంత్రం తన పరిసరాల నుంచి విడిగా ఉండదన్న సంగతిని ఇంతకన్నా గట్టిగా చెప్పిన ఉదాహరణ లేదు.

ముందు నేల, ఆ తర్వాతే ఫీడ్‌బ్యాక్

కక్ష్యను కొలుస్తూ ఎప్పటికప్పుడు సరిచేసే ఫీడ్‌బ్యాక్ గురించి రాసినవాటిలో చాలా భాగం ఎలక్ట్రానిక్స్, గణితం చుట్టూ తిరుగుతుంది. నిజానికి స్థిరత్వంలో పెద్ద వాటా పునాదిలోనే తేలిపోతుంది. జపాన్‌లోని స్ప్రింగ్-8 వలయాన్ని 1,436 మీటర్ల చుట్టుకొలతతో ఒక కొండ చుట్టూ గట్టి రాతినేల మీద నిర్మించారు. స్వీడన్‌లోని లుండ్ నగరానికి ఆ సౌకర్యం లేదు, పక్కనే పెద్ద రహదారి కూడా ఉంది. అక్కడ 2016లో ప్రారంభమైన మ్యాక్స్-4 కోసం నేలలో సున్నం, సిమెంటు కలిపి గట్టిపరిచారు. చుట్టూ ఉన్న మైదానాన్ని కంపనాలు చెదిరిపోయేలా చిన్న చిన్న మిట్టలుగా తీర్చారు. అయస్కాంతాలను విడివిడిగా గర్డర్ల మీద పేర్చకుండా ఇనుప దిమ్మెల్లోనే తొలిచి, బరువైన కాంక్రీటు దిమ్మెల మీద ఉంచారు. అంత బిగువైన కట్టడానికి సహజ పౌనఃపున్యం ఎక్కువ. నేల వణికే పౌనఃపున్యాల్లో అది స్పందించదు.

ఉష్ణోగ్రత సంగతీ అంతే. సుమారు 1.4 మీటర్ల ఎత్తున్న ఉక్కు స్తంభం 0.1 డిగ్రీ వేడెక్కితే 1.7 మైక్రాన్లు పెరుగుతుంది. ఇది అనుమతించిన కదలికకు మూడు రెట్లకు పైనే. కాబట్టి సొరంగాల్లో గాలిని 0.1 డిగ్రీ లోపు కట్టడి చేస్తారు. కొలిచే పరికరాలను ఉక్కుకు బదులు దాదాపు పదో వంతు మాత్రమే వ్యాకోచించే ఇన్వార్ స్తంభాల మీద నిలబెడతారు. వీటన్నిటికన్నా ఎక్కువ మేలు చేసిన మార్పు టాప్-అప్ పద్ధతి. పూర్వం పుంజాన్ని ఒకసారి నింపి గంటల తరబడి తరగనిచ్చేవారు. కరెంటు తరిగే కొద్దీ గొట్టాల మీద పడే కిరణాల వేడి తగ్గి, అన్నీ సంకోచించేవి; మళ్లీ నింపగానే అన్నీ వ్యాకోచించేవి. స్విట్జర్లాండ్‌లోని స్విస్ లైట్ సోర్స్, షికాగో దగ్గరి ఆర్గాన్ ప్రయోగశాలలోని అడ్వాన్స్‌డ్ ఫోటాన్ సోర్స్ 2001 నుంచి కొద్ది నిమిషాలకొకసారి చిటికెడు ఎలక్ట్రాన్లు కలుపుతూ కరెంటును నిలకడగా ఉంచడం మొదలుపెట్టాయి. వేడి నిలకడగా ఉంటే యంత్రమూ నిలకడగా ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ వేగాన్ని పదిరెట్లు పెంచినా రాని లాభం ఇందులో వచ్చింది.

చూసే కళ్లు

ఇన్ని చేశాక మిగిలిన కదలికను ఫీడ్‌బ్యాక్ సరిచెయ్యాలి. అందుకు ముందు కక్ష్య ఎక్కడుందో కనబడాలి. గొట్టం లోపలి గోడకు నాలుగు బొత్తాల్లాంటి ఎలక్ట్రోడ్లు అమర్చుతారు. పుంజం ఏ బొత్తానికి దగ్గరగా పోతే దానిలో సంకేతం ఎక్కువ. ఎదురెదురు సంకేతాల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే స్థానం తెలుస్తుంది. ఈ పరికరాలకు బీపీఎం అన్న పేరే ప్రయోగశాలల్లో వాడుక. మామూలు గొట్టం కొలతలకు ఒక మైక్రాన్ కదలిక అంటే సంకేతాల్లో పదివేలకు ఒక వంతు తేడా. ఈ కాస్త తేడాను పట్టుకునే ఎలక్ట్రానిక్స్‌లో ఒక ఛానెల్ మరో ఛానెల్ కన్నా కొంచెం ఎక్కువ వేడెక్కినా, పుంజం కదిలిందని తప్పుడు కబురు వస్తుంది. దీనికి విరుగుడుగా నాలుగు సంకేతాలను నాలుగు ఛానెళ్ల మధ్య వేగంగా తిప్పుతూ సగటు తీసే పద్ధతి వచ్చింది. తెలిసిన పౌనఃపున్యం గల ఒక నమూనా సంకేతాన్ని పుంజం సంకేతంతో పాటే పంపి, ఛానెళ్ల తేడాను ఎప్పటికప్పుడు సరిచూసే పద్ధతిని ఇటలీలోని ఎలెట్రా ప్రయోగశాల అభివృద్ధి చేసింది.

బీపీఎం సున్నా ఎక్కడన్నది మరో ప్రశ్న. బొత్తాల జ్యామితి మధ్యబిందువు, పక్కనున్న క్వాడ్రుపోల్ అయస్కాంత మధ్యబిందువు ఒక్కటి కావు. వందల మైక్రాన్ల తేడా ఉండొచ్చు. దీన్ని తేల్చడానికి పుంజాన్నే కొలబద్దగా వాడతారు. ఒక క్వాడ్రుపోల్ బలాన్ని కొంచెం మార్చి, కక్ష్య కదిలిందా లేదా చూస్తారు. కదలకపోతే పుంజం సరిగ్గా మధ్యలోంచి పోతున్నట్టు. అప్పుడు బీపీఎం చూపే అంకే దాని అసలు సున్నా.

మైక్రాన్ల లోకంలో బీపీఎం కూడా స్థిరంగా ఉండదు. అది బిగించిన గొట్టం వేడికి సాగి దాన్ని తోస్తుంది. బీపీఎం 2 మైక్రాన్లు జరిగితే, పుంజం కదలకపోయినా కదిలినట్టు కనబడుతుంది. ఫీడ్‌బ్యాక్ వెంటనే పుంజాన్ని 2 మైక్రాన్లు జరిపి, తెర మీద అంతా సవ్యంగా ఉన్నట్టు చూపిస్తుంది. ఫీడ్‌బ్యాక్ లూప్ ఎంత వేగంగా నడిచినా బీపీఎం చెప్పిన అబద్ధాన్ని పుంజం మీదికి శ్రద్ధగా బదలాయించడం తప్ప మరేమీ చెయ్యలేదు. కక్ష్య స్థిరంగా ఉందని ఒక యంత్రం ప్రకటించినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, దేనితో పోలిస్తే అని. లూప్ లోపల ఉన్న బీపీఎంలు చూపే నిలకడ లూప్ పనిచేస్తోందని మాత్రమే రుజువు చేస్తుంది. లూప్‌కు బయట ఉన్న బీపీఎంలు, అంతకన్నా మిన్నగా ప్రయోగశాలలో నమూనా దగ్గర పడే వెలుగు, ఇవే అసలు సాక్షులు.

ఆ వెలుగును నేరుగా చూసే ఫోటాన్ మానిటర్లు అందుకే వచ్చాయి. ఎక్స్ కిరణాల మచ్చ అంచుల్లో పలుచని లోహపు లేదా వజ్రపు రేకులు పెట్టి, వాటి నుంచి వెలువడే ఎలక్ట్రాన్ల కరెంటును కొలుస్తారు. మూలం నుంచి చాలా దూరంలో ఉంటాయి కాబట్టి ఇవి కోణాన్ని బీపీఎంల కన్నా చాలా సున్నితంగా పట్టుకుంటాయి. కానీ పక్కనున్న డైపోళ్ల నుంచి వచ్చే చిందరవందర కిరణాలు కూడా ఆ రేకుల మీద పడతాయి. అన్‌డ్యులేటర్ దవడలు తెరుచుకున్నప్పుడు అసలు వెలుగు తగ్గి చిందర కిరణాలదే పైచేయి అవుతుంది. అడ్వాన్స్‌డ్ ఫోటాన్ సోర్స్‌లో గ్లెన్ డెకర్ దీనికి చెప్పిన మందు సాహసమైనది: అయస్కాంతాల వరుసనే కొద్దిగా వంచి, చిందర కిరణాలు రేకులను తప్పిపోయేలా చెయ్యడం. ఆ మార్పుకు డెకర్ డిస్టార్షన్ అనే పేరు నిలిచింది. కొలత బాగుపడటం కోసం యంత్రం ఆకారాన్నే మార్చడానికి సిద్ధపడ్డారంటే, ఈ రంగంలో కొలత విలువ ఏపాటిదో తెలుస్తుంది.

సవరణ లెక్క

కక్ష్యను సరిచేసేవి చిన్న డైపోల్ అయస్కాంతాలు. వాటిని కరెక్టర్లు అంటారు. ఒక్కో కరెక్టర్‌ను కొంచెం కదిపి అన్ని బీపీఎంలలో వచ్చిన మార్పును రాసుకుంటే ఒక పెద్ద పట్టిక తయారవుతుంది. అదే రెస్పాన్స్ మాత్రిక. కక్ష్య తప్పును చూసి కరెక్టర్ల బలాలు తెలుసుకోవాలంటే ఈ మాత్రికను విలోమం చెయ్యాలి. బీపీఎంల సంఖ్య, కరెక్టర్ల సంఖ్య సమానంగా ఉండవు. పైగా కొన్ని కరెక్టర్లు కలిసి చేసే మార్పు బీపీఎంలకు దాదాపు కనబడనే కనబడదు. అలాంటి మార్పులను కూడా సరిచెయ్యబోతే కొలతలోని చిన్న రొద భారీ కరెంట్లుగా మారి కరెక్టర్ల మీద పడుతుంది. ఆర్గాన్‌కు చెందిన చుంగ్, డెకర్, ఎవాన్స్ 1993లో సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్ అనే గణిత పద్ధతిని ఈ పనికి వాడి చూపించారు. అది కక్ష్య మార్పులను బాగా కనబడేవి మొదలుకుని అసలు కనబడనివాటి వరకు వరుసగా విడదీస్తుంది. బాగా కనబడేవాటిని సరిచేసి, కనబడనివాటిని వదిలెయ్యవచ్చు. ఒక్కసారిగా వదిలెయ్యకుండా క్రమంగా బలం తగ్గించే రెగ్యులరైజేషన్ పద్ధతి తర్వాత వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు సింగ్యులర్ వాల్యూ పద్ధతి లేని యంత్రం అరుదు.

అదే మాత్రిక మరో పనికీ వచ్చింది. 1997లో జేమ్స్ శాఫ్రానెక్ ప్రచురించిన లోకో పద్ధతి, కొలిచిన మాత్రికకు సరిపోయేలా కంప్యూటర్ నమూనాలోని క్వాడ్రుపోల్ బలాలను, బీపీఎంల లోపాలను సవరిస్తూ పోయి, అసలు యంత్రంలో తప్పు ఎక్కడుందో బయటపెట్టింది. కక్ష్యను సరిచెయ్యడానికి పుట్టిన పట్టిక యంత్రం మొత్తాన్ని పరీక్షించే సాధనమైంది.

అడ్డ దిశలో ఒక రకం మార్పును కరెక్టర్లకు వదలకూడదు. చుట్టుకొలత మారినప్పుడు కక్ష్య పక్కకు జరిగే తీరు ప్రత్యేకంగా ఉంటుంది. దాన్ని గుర్తుపట్టి రేడియో పౌనఃపున్యాన్నే మార్చాలి. కరెక్టర్లతో తోసి సరిచేస్తే కక్ష్య సరిగ్గా కనబడుతుంది గాని, పుంజం శక్తి మాత్రం మెల్లగా జరుగుతూ పోతుంది.

చోటు నుంచి వలయానికి

తొలి ఫీడ్‌బ్యాక్‌లు స్థానికమైనవి. 1980ల తొలి ఏళ్లలో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ హెటెల్ ఒక్కో ప్రయోగశాలకు వెళ్లే వెలుగును చూసి, ఆ చుట్టుపక్కల కరెక్టర్లతో దాన్ని నిలబెట్టే పద్ధతిని రూపొందించారు. మూడు లేదా నాలుగు కరెక్టర్లను తగిన నిష్పత్తిలో నడిపితే, ఆ కొద్ది మేర మాత్రమే కక్ష్య ఉబ్బి, మిగతా వలయానికి ఏమీ తెలియకుండా ఉంటుంది. నాలుగు ఉంటే స్థానాన్నీ కోణాన్నీ విడివిడిగా సరిచెయ్యవచ్చు. ఆచరణలో నిష్పత్తి ఎప్పుడూ కచ్చితంగా కుదరదు. గొట్టం లోహంలో పుట్టే సుడి కరెంట్లు ఒక్కో కరెక్టర్ దగ్గర ఒక్కో రకంగా ఆలస్యం చేస్తాయి. మిగిలిన కాస్త తోపు పక్క ప్రయోగశాలను తాకుతుంది. పక్కవారి ఫీడ్‌బ్యాక్ స్పందిస్తుంది. అది తిరిగి మొదటివారిని తాకుతుంది. ఇలాంటి లూపులు ఎన్ని పెరిగితే అంత ముప్పు.

బ్రూక్‌హేవెన్‌లో 1980ల చివర్లో యూ బృందం వలయమంతటినీ ఒకే లెక్కలో చూసే ఫీడ్‌బ్యాక్‌ను తెచ్చింది. కక్ష్య అలలో ట్యూన్‌కు దగ్గరగా ఉన్న కొద్ది హార్మోనిక్‌లే పెద్దవిగా ఉంటాయి కనుక వాటిని మాత్రమే అణచినా ఎక్కువ భాగం సర్దుకుంటుందన్నది వారి ఆలోచన. 1990లలో అడ్వాన్స్‌డ్ ఫోటాన్ సోర్స్ సెకనుకు సుమారు 1,500 సార్లు సవరించే డిజిటల్ వ్యవస్థను నడిపింది. 2003లో స్విస్ లైట్ సోర్స్ సెకనుకు 4,000 సార్లు సవరించింది. డైమండ్ దాన్ని 10,000కు చేర్చింది. ఆ వలయంలో ఎలక్ట్రాన్లు సెకనుకు 5,34,000 చుట్లు తిరుగుతాయి. అంటే ప్రతి 53 చుట్లకు ఒక సవరణ. వలయం చుట్టూ ఉన్న 170 దాకా బీపీఎంల అంకెలు ఫైబర్ తీగల మీద అన్ని గణన కేంద్రాలకూ ఒకేసారి చేరాలి. డైమండ్ రూపొందించిన ఆ సమాచార వ్యవస్థను ఫ్రాన్స్‌లోని సొలేయ్ కూడా తీసుకుంది.

మన దేశంలో ఈ అనుభవమంతా ఇందోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సంపాదించుకుంది. అక్కడి ఇండస్-2 వలయం చుట్టుకొలత 172.5 మీటర్లు, శక్తి 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు; అందులో ఎలక్ట్రాన్లు సెకనుకు 17 లక్షలకు పైగా చుట్లు తిరుగుతాయి. అక్కడ కూడా నెమ్మదైన సవరణను, వేగవంతమైన సవరణను రెండింటినీ అమర్చారు.

కాలం పెట్టే హద్దు

సెకనుకు 10,000 సార్లు సవరిస్తే 5,000 హెర్ట్జ్ వరకు కంపనాలన్నీ పోతాయని అనిపించవచ్చు. అసలు హద్దు సవరణల సంఖ్యలో కాదు, ఆలస్యంలో ఉంది. బీపీఎం వడపోతకు కొంత, అంకెలు ప్రయాణించడానికి కొంత, లెక్కకు కొంత, కరెక్టర్ విద్యుత్ సరఫరా స్పందించడానికి కొంత, అయస్కాంత క్షేత్రం లోహపు గొట్టం లోపలికి ఇంకడానికి కొంత సమయం పడుతుంది. మొత్తం అర మిల్లీసెకను అయితే 200 హెర్ట్జ్ దగ్గరే ఫీడ్‌బ్యాక్ బలం అయిపోతుంది. ఆ పైన సవరణ ఆలస్యంగా చేరి, తగ్గించాల్సిన కదలికను పెంచుతుంది. దీనికి తప్పించుకోలేని నియమం ఒకటుంది, దాన్ని బోడే సమాకలనం అంటారు: ఒక పౌనఃపున్య శ్రేణిలో కదలికను ఎంత అణిచితే మరో శ్రేణిలో అంత పెరగక తప్పదు. బుడగను ఒకచోట నొక్కితే మరోచోట ఉబ్బినట్టే. నేర్పు అంతా ఆ ఉబ్బును హాని లేని చోటికి, అంటే సహజంగా కదలిక తక్కువగా ఉన్న పౌనఃపున్యాలకు, నెట్టడంలోనే ఉంది. ఆలస్యాన్ని తగ్గించడానికే కరెక్టర్లను మందపు అల్యూమినియం గొట్టాల మీద కాకుండా, విద్యుత్తును తక్కువగా ప్రవహింపజేసే పలుచని స్టీలు భాగాల మీద అమర్చుతారు. ఇలాంటి పనుల్లో ఒక్కొక్కటీ ఆలస్యాన్ని కొన్ని పదుల మైక్రోసెకన్లు తగ్గిస్తుంది, లాభం అక్కడే.

వేగవంతమైన కరెక్టర్లు బలహీనమైనవి, బలమైనవి నెమ్మదైనవి. చాలా వలయాల్లో రెండు రకాలూ ఉన్నాయి, మొదట్లో వాటికి రెండు వేర్వేరు లూపులూ ఉండేవి. రెండూ ఒకే కక్ష్యను చూస్తూ, ఒకదాని సవరణను మరొకటి తప్పుగా భావించి తుడిచేసేవి. వాటిని విడగొట్టడానికి పౌనఃపున్యంలో ఖాళీ విడిచిపెడితే ఆ ఖాళీలో ఎవరూ సరిచెయ్యని కదలిక మిగిలేది. ఇప్పటి వాడుక మేలైనది: వేగవంతమైన లూప్ అన్నీ సరిచేస్తుంది, దాని కరెక్టర్ల మీద పేరుకున్న నిలకడ భారాన్ని నెమ్మదైనవి అప్పుడప్పుడు తమ మీదికి తీసుకుంటాయి.

ఢీకొట్టే యంత్రాల్లో

ప్రొటాన్లను ఢీకొట్టే ఎల్‌హెచ్‌సీలో అవసరం వేరు. అక్కడ ఒక్కో పుంజంలో 362 మెగాజౌళ్ల శక్తి ఉండేలా రూపొందించారు. దారి తప్పిన ప్రొటాన్లను పట్టుకోవడానికి కొలిమేటర్ దవడలు పుంజానికి మిల్లీమీటర్ దూరంలో నిలబడతాయి. వాటి మధ్య కక్ష్య జరిగితే కణాలు అతివాహక అయస్కాంతాలను వేడెక్కిస్తాయి. అందువల్ల వెయ్యికి పైగా బీపీఎంలను, వెయ్యికి పైగా కరెక్టర్లను ఒకే కేంద్రం నడుపుతుంది. కరెక్టర్లు అతివాహకాలు కావడం వల్ల వాటిలో కరెంటు నెమ్మదిగానే మారుతుంది. ఫీడ్‌బ్యాక్ సెకనుకు ఒక చక్రం కన్నా వేగంగా పనిచెయ్యదు. అక్కడి ప్రధాన సమస్యలు శక్తిని పెంచేటప్పుడు, ఢీకొట్టే చోట పుంజాన్ని సన్నబరిచేటప్పుడు నిమిషాల మీద వచ్చే మార్పులు కనుక ఆ వేగం సరిపోతుంది. ఈ యంత్రానికి భారత్ చేసిన తోడ్పాటులో అయస్కాంతాల కింది జాకులు ఒకటి. 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువున్న డైపోళ్లను మైక్రాన్ల లెక్కన సర్దే ఆ జాకులు వేల సంఖ్యలో ఇక్కడి నుంచి వెళ్లాయి.

సరళరేఖలో ఢీకొట్టే యంత్రాల్లో చుట్లు ఉండవు, ప్రతి గుంపుకూ ఒక్క అవకాశమే. స్టాన్‌ఫర్డ్ లీనియర్ కొలైడర్‌లో మైక్రాన్ పరిమాణంలోని ఎలక్ట్రాన్, పాజిట్రాన్ గుంపులు సెకనుకు 120 సార్లు ఎదురయ్యేవి. అవి సూటిగా తగలకపోతే ఒకదాని ఆకర్షణకు మరొకటి వంగి పోతుంది. ఆ వంపునే కొలిచి తర్వాతి జతను సరిచేసేవారు. ప్రతిపాదనలో ఉన్న అంతర్జాతీయ లీనియర్ కొలైడర్‌కు గుంపుల ఎత్తు కొన్ని నానోమీటర్లే ఉండాలని తలపెట్టారు. గుంపులు సుమారు 554 నానోసెకన్ల ఎడంతో వరుసగా వస్తాయి. మొదటి గుంపు వంపు చూసి అదే వరుసలోని తర్వాతి గుంపును సరిచెయ్యగల వ్యవస్థను ఆక్స్‌ఫర్డ్ బృందం జపాన్‌లోని కేఈకేలో పరీక్షించి, సుమారు 150 నానోసెకన్లలో స్పందన సాధించింది.

నాలుగో తరం

2010ల తర్వాత స్టోరేజి రింగుల్లో పుంజం అడ్డ దిశలోనూ సన్నబడింది. గ్రెనోబుల్‌లోని యూరోపియన్ సింక్రోట్రాన్ తన 844 మీటర్ల వలయాన్ని మార్చి, 2020లో తిరిగి తెరిచాక ఎమిటెన్స్, అంటే పుంజం పరిమాణం, విచ్చుకునే కోణాల లబ్ధం, 4 నానోమీటర్ల నుంచి 0.13కు దిగింది. అడ్వాన్స్‌డ్ ఫోటాన్ సోర్స్ 2024లో కొత్త వలయంతో మొదలై 0.042 నానోమీటర్లను లక్ష్యంగా పెట్టుకుంది. అక్కడ నిలువు దిశలో 0.01 నుంచి 1,000 హెర్ట్జ్ వరకు మొత్తం కదలిక 0.4 మైక్రాన్ దాటకూడదన్నది నిబంధన. అందుకు ఫీడ్‌బ్యాక్ సెకనుకు 22,600 సార్లు సవరించేలా రూపొందించారు. నెమ్మదైన, వేగవంతమైన కరెక్టర్లు రెండూ ఒకే లెక్కలో నడుస్తాయి. బీపీఎంలు బిగించిన చోట అవి ఎంత కదిలాయో విడిగా కొలిచి ఆ కదలికను తీసివేసే ఏర్పాటును కూడా ఈ వలయం కోసం తలపెట్టారు. పాత వలయాల్లో లెక్కకు రాని ఆ కదలిక ఇప్పుడు మొత్తం హద్దులో పెద్ద భాగం.

స్థానం అదుపులోకి వచ్చాక పుంజం పరిమాణం మీద దృష్టి పడింది. అన్‌డ్యులేటర్ దవడలు కదిలిన ప్రతిసారీ పుంజం ఎత్తు కొద్ది శాతం మారుతుంది. అత్యంత సున్నితమైన ప్రయోగాలకు అదీ అడ్డే. ముందే తయారుచేసిన పట్టికలతో దీన్ని సరిచెయ్యడం పాత పద్ధతి, కానీ యంత్రం మెల్లగా మారుతుంటే పట్టికలు పాతబడతాయి. 2019లో బర్క్‌లీలోని అడ్వాన్స్‌డ్ లైట్ సోర్స్‌లో న్యూరల్ నెట్‌వర్క్‌కు దవడల స్థితులు, పుంజం ఎత్తు మధ్య సంబంధాన్ని నేర్పి, దవడలు కదలగానే ముందుగానే సవరణ ఇచ్చేలా చేశారు. యంత్రం నడుస్తుండగానే ఆ నెట్‌వర్క్‌కు కొత్త కొలతలతో మళ్లీ మళ్లీ నేర్పుతూ పోవచ్చని కూడా ఆ ప్రయోగం చూపింది.